అత్తమ్మ కూర్చున్న ఐదు గంటలు

మా ఇంట్లో అందరూ నిజమని నమ్మే మాట ఒకటుంది. అది నేను కల్పించిన మాట. పదేళ్లుగా దాన్ని కడుపులో పెట్టుకుని తింటున్నాను, తిరుగుతున్నాను, నవ్వుతున్నాను కూడా. నా పేరు మీకు అక్కర్లేదు. నన్ను ఎరగనివాళ్లు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కోరుట్ల. అప్పుడు దుబాయ్‌లో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌గా ఉండేవాణ్ని. నా భార్య సుజాతకు అక్కడే కాన్పయింది. మొదటి కాన్పు, చేసేవాళ్లు లేరు. మల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి వాళ్లమ్మను తీసుకురావడానికి నేనే వచ్చాను. అత్తమ్మ పేరు రాజవ్వ. పసుపు చేలల్లో కూలి చేసి, బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఆ ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి ఆమెనే పిలిచేవాళ్లు. మూడు నెలలుండి మనవరాలికి తన చేత్తోనే నీళ్లు పోస్తానని, కొత్త సిరిసిల్ల చీర కట్టుకుని బయలుదేరింది.

మస్కట్ మీదుగా టికెట్టు తీశాను. అక్కడ ఎనిమిది గంటలు ఆగాలి. నిజం చెప్పాలంటే, అందుకే ఆ టికెట్టు తీశాను. మా గోదాములో ఇద్దరు అలాగే మధ్యలో దిగి, ఆ ఊళ్లోనే రియాం నుంచి మత్రా దాకా ఉన్న చిన్న కొండదారి ఎక్కి ఫోటోలు తెచ్చారు. రెండు గంటల నడక. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచీ, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని రెండు గంటలు నాకూ కావాలనిపించింది. అది తప్పా? ఒక్కణ్నే ఉంటే తప్పు కాదు.

నాకు దుబాయ్ రెసిడెన్సీ ఉంది కాబట్టి ఎయిర్‌పోర్టు బయటికి వదులుతారు. ఆమెను వదలరు. ఆమెకు అదే మొదటి విమానం. చదువు రాదు. ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, ఆఫీసు కాగితాల పనుంది, గంటలో వస్తానన్నాను. నా ల్యాప్‌టాప్ బ్యాగు ఆమె ఒళ్లో పెట్టాను. ఇది కంపెనీది, పోతే నా నౌకరీ పోతుంది, దీన్ని పట్టుకుని కదలకు, ఎవరితోనూ మాట్లాడకు అని రెండుసార్లు చెప్పాను. బాత్రూం ఎక్కడో చూపించలేదు. గుర్తు రాలేదా? వచ్చింది. చూపించి తీసుకొస్తే పది నిమిషాలు పోతాయనుకున్నాను.

కొండ బాగుంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ బాగుంది. డిసెంబరు ఎండ, గోధుమరంగు రాళ్లు, దారి తప్పకుండా రాళ్లమీద వేసిన రంగు గీతలు, ఒక మలుపు తిరగ్గానే కాళ్ల కింద సముద్రం. అనుకున్న టైముకే దిగాను. అప్పుడే తిరిగి పోవాల్సింది. మత్రా ఒడ్డున కూర్చుని చేపలు తిన్నాను, టీ తాగాను. అత్తమ్మ ఏమైనా తిన్నదా అని ఒకసారి అనిపించింది. దారిలో కొందామనుకున్నాను. కొనలేదు.

నేను తిరిగి వెళ్లేసరికి, ఆమెను వదిలి ఐదు గంటలు దాటింది. ఆమె అదే కుర్చీలో ఉంది. తుడిచే మనిషి ఒకడు ఆమె కాళ్ల దగ్గర నేల తుడుస్తున్నాడు. కొత్త చీర తడిసి కాళ్లకు అంటుకుని ఉంది. ఎదుటి వరుసలోవాళ్లు లేచి దూరంగా పోయి కూర్చున్నారు. నన్ను చూసి, రెండు చేతులతో బ్యాగు పైకెత్తింది.

"బ్యాగు తడవలే కొడుకా," అంది.

"ఎవల్నన్న అడుగకపోయినవా?" అన్నాను. తప్పు ఆమెదే అయినట్టు.

"మాట్లాడద్దంటివి గద. గీ ముచ్చట పిల్లకు చెప్పకు. పచ్చి బాలింత, రంది పెట్టుకుంటది."

చెప్పనన్నాను.

దుబాయ్‌లో ఇంటికి చేరాక, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తడి చీర సుజాత కంటపడింది. ఏమైందని నన్నడిగింది. అప్పుడు నువ్వెక్కడున్నావనీ అడిగింది. పక్కనే ఉన్నానన్నాను. ఆమెకు తెలియకుండానే అయిపోయిందన్నాను. మతి కూడా తప్పుతున్నట్టుందన్నాను. ఆ చివరి మాట ఎందుకన్నాను? అడగని మాట. మొదటి అబద్ధానికి బలం చాలదనిపించి, దాని పక్కన ఇంకోటి నిలబెట్టాను. అత్తమ్మ మంచం చివర కూర్చుని అంతా వింటోంది. నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నేనూ ఏదో ఒకటి అనగలిగేవాణ్ని. తల దించుకుని, "అవ్ బిడ్డా, నాకు తెల్వలే," అంది సుజాతతో.

ఆ రోజు నుంచి పాపను ఆమె ఒళ్లో పెట్టలేదు. నీళ్లు పోయడానికి పక్క బిల్డింగు నుంచి వేరే మనిషి వచ్చేది. ఒక పొద్దున అత్తమ్మ నూనె వెచ్చచేసి అరచేతిలో పోసుకుని పాప దగ్గరికి వచ్చింది. సుజాత మెల్లగా పాపను ఎత్తుకుని, నువ్వు కూసోమ్మా అంది. అత్తమ్మ ఆ నూనెను తన మోచేతులకు రాసుకుంది. నెల తిరక్కుండానే ఆమెను పంపించేశాం.

మాట ఊరికీ చేరింది. నీళ్లు పోయడానికి మళ్లీ ఎవరూ పిలవలేదు. కోడలు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, అదీ జాలితోనే. ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. ఊళ్లో ఏ పిల్ల ఏ వానకు పుట్టిందో చివరిదాకా చెప్పేది. అయినా ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను పోయినప్పుడల్లా అల్లుడొచ్చాడని కోడిని కోయించేది. నేను తినేవాణ్ని.

ఇప్పుడు కోరుట్లలోనే ఉంటున్నాం. సుజాత తాళంచెవి ఎక్కడైనా మరిచిపోతే చాలు, అమ్మలాగే తనకూ అవుతుందేమోనని వణికిపోతుంది. పోయిన వారం జగిత్యాలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటే తీసుకెళ్లాను. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని ఆవిడ అడిగింది. మా అమ్మకుండె అంది సుజాత. డాక్టరు అది కాగితం మీద రాసుకుంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

రాజవ్వకు మతి తప్పలేదు. ఆ ఐదు గంటలు నేను ఆమె పక్కన లేను. ఇన్నేళ్లలో ఈ రెండు ముక్కలూ రాయడం ఇదే మొదటిసారి. రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. ఆ సులువు కూడా నాకే. సుజాత లోపల ఆ డాక్టరు రాసిచ్చిన మందుబిళ్ల వేసుకుంటోంది.