రోప్‌వే కింది సైకిల్ తొవ్వ

మొన్న ఆదివారం పొద్దున మా కింది వాటాలో కొత్తగా దిగిన డంపర్ ఆపరేటర్, తన ఇద్దరు పిల్లలకు కొన్న చిన్న సైకిళ్ళను గేటు దగ్గర నిలబెట్టి, మేడ మీదున్న నన్ను చూసి కేకేశాడు. లారీలు తిరగని తొవ్వ, పిల్లలు సాఫీగా తొక్కగలిగే తొవ్వ ఈ చుట్టుపక్కల ఏదన్నా ఉన్నదా కాకా, నువ్వు పాతోడివి, నీకు ఎరుకుంటది కదా అని అడిగాడు. నేను వెనకాముందూ చూడకుండా నాకేం తెల్వదు బిడ్డా అనేశాను. బియ్యం చెరుగుతున్న మా ఇంటావిడ చాట ఆపి నావైపు ఒకసారి చూసి, మళ్ళీ చెరగసాగింది.

ఎందుకు చూసిందో నాకు తెలుసు. ఒకప్పుడు గోదావరిఖనిలో మా కాలనీ అంతటికీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాణ్ణి నేనే. ఎనభైల చివర్లో సంగతి. నేను గని సర్వే సెక్షన్‌లో చైన్‌మన్‌ని. అంటే భుజాన గొలుసు, చేతిలో ఎర్రజెండా కట్టిన కర్ర పట్టుకుని సర్వేయర్ వెంట భూమి కిందా మీదా తిరగడమే నా నౌకరీ. ఏ గుట్ట వెనక ఏ ఒర్రె ఉందో, ఏ బాట వానకు తెగుతుందో, ఎక్కడ బొగ్గు టిప్పర్లు తిరుగుతాయో నాకు కొట్టినపిండి. అప్పట్లో మా మెయిన్ రోడ్డు సంగతి ఏం చెప్పమంటారు! టిప్పరు వెనక టిప్పరు, నల్లటి దుమ్ము, హారన్ల మోత. అలాంటి రోడ్డు మీద పసిపిల్లను సైకిల్ డండీ మీద కూర్చోబెట్టుకుని పోవాలంటే మొగోడికైనా గుండె దడదడలాడేది. ప్లేడే డ్యూటీ, అంటే సెలవునాటి పని, పడని ఆదివారం ఒక్కటే మాకు ఇంటిల్లిపాదితో గడిపే రోజు, ఆ ఒక్క రోజూ క్వార్టర్‌లో ఫ్యాను కింద కూర్చుని పిల్లల మొహాలు చూడ్డమేనా అని నాకు పట్టుదల వచ్చింది.

దొరికింది తొవ్వ. నది నుంచి గనికి ఇసుక మోసే రోప్‌వే తెలుసు కదా, మన తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, తీగల మీద తొట్లు ఊగుతూ పోయేవి. ఆ స్తంభాల కింద, రిపేరు వాళ్ళు నడవడానికి వేసిన మట్టిబాట ఒకటుండేది. ఎత్తుపల్లాలు లేవు, లారీ అన్నది రాదు, రెండు పక్కలా తునికి చెట్లు. ఎండాకాలంలో పండ్లు రాలి ఉండేవి, చివర్న ఒర్రె, ఒర్రెలో మోకాలు లోతు నీళ్ళు. నాలుగైదు వారాలు నేనొక్కణ్ణే తొక్కి చూసి, ముళ్ళకంపలు తీసి, రాళ్ళు పక్కకు జరిపి, ఆ తర్వాతే మా బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, ఇంటావిడను వెనక క్యారియర్ మీద ఎక్కించుకుని తీసుకుపోయాను.

మా పక్క క్వార్టర్‌లో భాయ్ ఉండేవాడు, వర్క్‌షాపులో ఫిట్టరు. చేతిలో ఏం మహిమ ఉండేదో గానీ, పనికిరాని ఇనుపముక్కను ఇస్తే దాన్ని ఏదో ఒకటి చేసి పెట్టేవాడు. కాలనీలో పిల్లలున్న ప్రతి ఇంటి సైకిల్‌కూ ముందు చిన్న సీటు బిగించింది ఆయనే, పాత కన్వేయర్ బెల్టు ముక్క కోసి, మెత్తగా ఉండాలని లోపల పాత గుడ్డలు కూరి మరీ. ఆయనకూ ఒక్కతే బిడ్డ, మా బిడ్డ కంటే ఏడాది పెద్దది, నన్ను చాచా అని పిలిచేది. మా రెండు సైకిళ్ళు చూసి మరో రెండు, ఆ రెండు చూసి ఇంకో నాలుగు, చివరికి ఆదివారం పొద్దున ఏడెనిమిది కుటుంబాలు బెల్లులు కొట్టుకుంటూ కదిలేవి. ఒకరి టిఫిన్‌లో పులిహోర, భాయ్ భార్య, మా భాభీ తెచ్చిన ఖీమా రొట్టె, ఒర్రె గట్టున అందరివీ కలిసిపోయేవి. అబ్బబ్బ, ఆ ఆదివారాలు! ఇప్పుడు తలచుకున్నా కడుపు నిండినట్టుంటుంది, ఆ వెంటనే తిన్నది గొంతులోకి ఎగదన్నినట్టూ ఉంటుంది.

ఎందుకంటే ఆ బాటలో రెండు ఫర్లాంగుల మేర కంచె వేసిన నేల ఉండేది. కింద గనిలో కప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలు కూడా తీసేశాక గని కప్పును కూలనిచ్చేవారు, దానితో పైన భూమి కూడా మెల్లగా దిగి పగుళ్ళిచ్చేది. ఆ పగుళ్ళను మట్టితో పూడ్చి, చుట్టూ ముళ్ళతీగ కట్టి, ఎవరూ పోవద్దని బోర్డు పెట్టేవారు. నేల ఇంకా దిగుతోందా ఆగిందా అని నెలనెలా అక్కడ పాతిన మేకుల మట్టం తీసేది మా సెక్షనే, కర్ర పట్టుకుని నిలబడేది నేనే. మూడు నెలలు వరసగా మట్టం మారలేదు. ఇంకేముంది, నేల కుదురుకుంది అని నాకు నేనే తీర్మానించుకున్నాను. పైవాళ్ళు చెప్పలేదు, కాగితం రాలేదు. కంచె చుట్టి పోవాలంటే టిప్పర్ల రోడ్డు ఎక్కాలి కాబట్టి, ముళ్ళతీగను ఒకచోట కోసి, కొక్కెం పెట్టి, తీసి వేసుకునేలా చేశాను. సర్వే మనిషి చెప్పాడంటే ఇక అడిగేదేముంది అని అందరూ నా వెంట వచ్చారు. గనిలో పనిచేసేవాళ్ళకు ఉండే పిచ్చి నమ్మకం అది, కొలిచి చూశాం కాబట్టి భూమి మన మాట వింటుందని.

ఇక్కడిదాకా అయితే పొరపాటు అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. అసలు సంగతి ఇంకా ఉంది, ఈ ముప్పై అయిదేళ్ళలో మా ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పనిది.

ఆ ఎండాకాలం భాయ్ తన బిడ్డకు తుక్కు ఇనుముతో ఒక చిన్న సైకిల్ తయారుచేశాడు. కాలనీ అంతా దాన్ని చూడ్డానికి వచ్చింది. దాంతో కొత్తగా చేరే కుటుంబాల వాళ్ళు తొవ్వ గురించి కూడా ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు హోటల్ దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఈ ఆదివారం భాయ్ తొవ్వకు పోదామా అన్నారు, నా ముందే! భాయ్ నవ్వి సరే అన్నాడు, అది నాది కాదు, ఈయనది అని అనలేదు. అనాలన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చి ఉండదు, ఆయన మనసు అట్లాంటిది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ముళ్ళు ఏరింది నేను, పేరు ఈయనకా? ఇంత చిన్న మాటకు నేను వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగానంటే ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేను.

మిరుగం పొద్దు, అంటే మృగశిర కార్తె, దాటిన మొదటి శనివారం సాయంత్రం కుండపోతగా వాన పడింది. పూడ్చిన పగుళ్ళలో మట్టి మొదటి వానకు కిందికి జారిపోతుంది, పైన పెంకులా మిగిలిన పొర చూడ్డానికి మామూలు నేలలాగే ఉంటుంది. మళ్ళీ మట్టి పోసి తొక్కించేదాకా అటు పోకూడదు. ఇది సర్వే సెక్షన్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడే మాకు నేర్పే పాఠం. ఆదివారం పొద్దున లేస్తూనే నాకు ఆ మాట గుర్తొచ్చింది. మా బిడ్డను ఇవ్వాళ వద్దు, బురద ఉంటది అని ఆపేశాను. కాసేపటికి భాయ్ మా గేటు ముందు బెల్లు కొట్టి, చల్ అన్నా, ఇవ్వాళ నా బిడ్డ తన సైకిల్ తనే తొక్కుతదట అని పిలిచాడు. నేను కిటికీలోంచే, నాకు తలనొప్పి, మీరు పోండ్రి అన్నాను. అంతే అన్నాను. గేటు దాకా నాలుగడుగులు వేసి, ఇవ్వాళ అటు పోకు భాయ్ అని ఒక్క మాట అనడానికి నాకేం పోయేకాలం వచ్చింది? తొవ్వ ఆయనది కదా, ఆయనే చూసుకుంటాడులే అని ఒక పాపపు ఆలోచన నా మనసులో మెదిలిన మాట నిజం. అక్కడిదాకా పోయి తడి చూసి వెనక్కి తిరుగుతాడులే అని ఆ వెంటనే నన్ను నేను సముదాయించుకున్న మాట కూడా నిజమే.

వాన కారణంగా మిగతావాళ్ళు ఎవరూ కదల్లేదు, భాయ్ కుటుంబం ఒక్కటే పోయింది. గంటన్నరకు భాయ్ బిడ్డను రెండు చేతుల మీద ఎత్తుకుని, వెనక చెప్పులు లేకుండా ఏడుస్తూ వస్తున్న భాభీతో కాలనీలోకి పరుగెత్తుకొచ్చాడు. కొత్త సైకిల్ ఉత్సాహంలో పిల్ల ముందు తొక్కుకుంటూ పోయింది, ముందు చక్రం నేలలోకి దిగబడింది, దానితో పాటు పిల్ల నడుము దాకా పగులులోకి జారింది, కాలు సైకిల్‌కూ మట్టిపెళ్ళకూ మధ్య ఇరుక్కుంది. దవాఖానలో మూడు నెలలుంది. ప్రాణం దక్కింది గానీ ఎడమకాలు రెండు అంగుళాలు కురచ అయిపోయింది.

కంచె ఎవరు కోశారని విచారణ పెట్టారు. నేను బయట వరండాలో నిలబడ్డాను, తలుపు తెరిచే ఉంది. నేనే కోసిన సార్, తొవ్వ నేనే దొరికిచ్చుకున్న అని భాయ్ చెప్పడం నా చెవులతో విన్నాను. బయటికొచ్చాక, నువ్వు సర్వేలో ఉన్నోడివి అన్నా, నీ నౌకరీనే పోతది, నన్నయితే పది రోజులు పక్కన పెడ్తరు గంతే, ఫికర్ చెయ్యకు అన్నాడు. పగిలిన కాలు తన బిడ్డదైనా నా నౌకరీ గురించి ఆలోచించిన మనిషి. ఆయన కాపాడింది తొవ్వ చూపించిన మిత్రుణ్ణి. ఆ పొద్దు నేల పగిలి ఉంటుందని తెలిసీ కిటికీలోంచి పంపించినవాణ్ణి కాదు. ఆ తేడా ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. చేతులు పట్టుకుని ఏడ్చాను, చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన బదిలీ చేయించుకుని రామకృష్ణాపూర్ పోయాడు. పండక్కి ఖీమా డబ్బా పంపేవాడు, నేను దసరాకు పోయి జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునేవాణ్ణి, ప్రతిసారీ ఈసారి చెప్పేయాలి అని బస్సెక్కి, ఈసారి కాదులే అని బస్సు దిగేవాణ్ణి. పిల్ల బాగా చదువుకుంది, బడిలో టీచరయింది. ఎత్తు చెప్పు వేసుకుని క్లాసులో నిలబడి పాఠం చెబుతుందని భాయ్ గొప్పగా చెప్పేవాడు. నేను నేల చూపులు చూసేవాణ్ణి.

రెండేళ్ళ కింద భాయ్ పోయాడు. నేను పోయేసరికి ఖననం అయిపోయింది, ఇంటి నిండా బంధువులు. భాభీ నన్ను చూసి బావురుమంది. వచ్చిన ఆడవాళ్ళందరూ వింటుండగా, తన చేతులతో తనే బిడ్డ కాలు పోగొట్టిండు, ఆ బాధ తోటే కుమిలిపోయిండు ఈ మనిషి అంది. వాన పడ్డది, నేల తడి ఉన్నది, పోవద్దు అని ఆ పొద్దు ఆమె అడ్డం పడిందట. సర్వే అన్న కొలిచిన నేల అది, ఏం కాదు పద అన్నాడట భాయ్. ఆ తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని నాతో అన్న మాట ఇది: "మీరు మంచి పని చేసిన్రు భాయ్‌సాబ్, ఆ పొద్దు బయల్దేరలే. ఈయనకే సోయి లేకపాయె."

పక్కనే ఆ బిడ్డ కూర్చుని ఉంది. నలభై దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని తల్లి మాటలు వింటోంది, తండ్రిని తిట్టడం అలవాటైపోయిన ఇంట్లో పెరిగినట్టు, అడ్డం చెప్పకుండా. అప్పుడన్నా నోరు తెరవాల్సింది. ఎవరో టీ గ్లాసు అందించారు, తాగాను, బస్సు టైమయింది అని లేచాను.

ఇప్పుడు ఆ నేలే లేదు. రోప్‌వే పోయింది, తునికి చెట్లు, ఒర్రె, ఆ కంచె, ఆ మేకులు అన్నీ ఓపెన్‌కాస్టు గని మింగేసింది, అంచున నిలబడి చూస్తే కింద డంపర్లు అగ్గిపెట్టెలంత కనబడతాయి. మన పిల్లలు సైకిల్ నేర్చుకున్న చోటు గాలిలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేం. కాలం ఎంత మారిందో అని మనవాళ్ళు నిట్టూరుస్తుంటే నేనూ తలూపుతుంటాను గానీ, లోపల మాత్రం నాకు వేరే లెక్క ఉంది. నేలను పెకలించి పారబోసినంత తేలిక కాదు, దాని మీద చేసిన పనిని పారబోయడం.

అందుకే ఈ నాలుగు ముక్కలు రాశాను. ఇవి పత్రికలో అచ్చయ్యాక చూసి ఎవరో ఒకరు చెబితే తెలుసుకోవడం ఆ బిడ్డకు మర్యాద కాదు. ముందు నేనే పట్టుకుపోతాను. నోటితో చెబుతానన్న నమ్మకం నాకు లేదు, కాబట్టి కాగితం చేతికిచ్చి, చదివేదాకా ఎదురుగా కూర్చుంటాను. తిడితే పడతాను, లేవమంటే లేస్తాను. ఆమె ఒక్కతే కాదు, భాభీ కూడా వినేలా గట్టిగా చదవమని అడుగుతాను. బిడ్డా, ఆ పొద్దు నేల పగిలి ఉంటదని నాకు ఎరుకే. మీ అబ్బాకు ఎరుక లేదు.