చివర లేని క్యాసెట్

ఫిజీ దీవుల్లో మా సావుసావు రేవులో అప్పటిదాకా జరిగిన బేరాలన్నిట్లోకీ చెడ్డబేరం చేసింది నేనే. సిగ్గుపడుతూ చెప్పడం లేదు. అంత చెడ్డగా చెయ్యడానికి కూడా కొంత పనితనం కావాలి.

న్యూజిలాండ్ నుంచి యాట్ అనే తెరచాప పడవ‌లో వచ్చిన ఒక తెల్లాయన తిరుగు ప్రయాణానికి సరుకులు కావాలని మా కొట్టుకొచ్చాడు. బియ్యం, చేపల టిన్నులు, డీజిలు. చేతిలో డబ్బు చాలక ఒక అట్టపెట్టెడు వీడియో క్యాసెట్లు చూపించాడు. ఆయన చెప్పిన ధరను సగానికి విరిచాను. నీరసపడిపోయేదాకా లాగాను. గెలిచిన మత్తులో, వాటిలో ఏముందో అడగడం మరిచిపోయాను. మర్నాడు యాట్ వెళ్లిపోయింది. పెట్టె నాకు మిగిలింది.

దెయ్యాల సంగతి ఇక్కడే తేల్చేస్తాను. నేను గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మాకు అప్పుపడి చనిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కడూ దెయ్యమై తిరిగొచ్చి బాకీ కట్టలేదు. కాబట్టి దెయ్యాలు లేవని నాకు చిన్నప్పుడే రూఢి అయిపోయింది. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

అప్పటికి మాకు స్వాతంత్ర్యం వచ్చింది గానీ టీవీ రాలేదు. ఫిజీ అంతటా సినిమా అంటే వీడియో క్యాసెట్టే. మా అవ్వ, అంటే నాన్న తల్లి, పెట్టిన కిరాణా కొట్టులో ఒక మూల నేను క్యాసెట్ల షెల్ఫ్ పెట్టాను. నాన్న వద్దన్నాడు. జనం అడిగేది హిందీ సినిమాలు. నేను తెచ్చిన పెట్టెలో ఉన్నది మొదటినుంచి చివరిదాకా ఒకే ఇంగ్లీషు సీరియల్. వేరే లోకంవాళ్లు ఓడలేసుకుని ఆకాశంలోంచి దిగి ఊళ్లు ఆక్రమించుకునే కథ. పొడుగ్గా, బూడిదరంగులో, కళ్లు ఆర్పకుండా ఉంటారు.

నాన్న మాట్లాడేది ఫిజీ హిందీయే. అవ్వ బతికినంతకాలం ఆమె తెలుగులో అడిగితే ఆయన హిందీలో జవాబు చెప్పేవాడు. ఆ పెట్టె చూసి, "పగలాయ్ గయే కా రే?" అన్నాడు. పిచ్చిపట్టిందా అని. ఆ వెంటనే తీర్పు కూడా చెప్పేశాడు. ఈ క్యాసెట్లు తీసుకెళ్లినవాడు ఒక్కడు వెనక్కొచ్చి డబ్బు వాపసు అడిగినా తనే షెల్ఫ్ పీకేస్తానన్నాడు. నేను వాయిలేవు వెళ్లి మామయ్య పొలంలో చెరకు నరకాలి. నా అరచేతులు చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది, ఆ శిక్షకు నాకంటే చెరకే ఎక్కువ జాలిపడుతుందని.

మొదటి క్యాసెట్ ఊరికే ఇచ్చాను. రెండోదానికి అద్దె తీసుకున్నాను. ఆ చిన్న ఎత్తు పారింది. ఎండుకొబ్బరి లారీ నడిపే జోసెఫా తనుంటున్న పల్లెలో హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి వేశాడు. టైలర్ భార్య శాంతి కుట్టు ఆపి మరీ చూసింది. స్కూలు మాస్టారు, ఇంగ్లీషు కోసం చూస్తున్నానని చెప్పి, అందరికంటే ముందు వచ్చి నిలబడేవారు. చివరి భాగం ఎప్పుడిస్తావని ముగ్గురూ నా ప్రాణం తీశారు.

ఇచ్చేముందు ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వేసి చూసుకున్నాను. ఊరి జనమంతా ఒక కొట్టు ముందు వీధిలో గుంపుగా నిలబడి ఉన్నారు. బూడిదవాళ్ల నాయకుడు ఆయుధం ఎత్తాడు. అంతే. బొమ్మ ఒకసారి వణికి, తెరంతా చుక్కల వాన. యాట్ ఆయన రికార్డు చేస్తున్నప్పుడు టేపు తెగిందో, కరెంటే పోయిందో. డెక్కు హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. చుక్కలే.

మంచివాడైతే ఆ క్యాసెట్ దాచేసేవాడు. నేను అద్దెకిచ్చాను.

మొదట జోసెఫా పట్టుకెళ్లాడు. సోమవారం లారీ ఆగిన చప్పుడు వినగానే వాపసు ఇవ్వాల్సిన చిల్లర గుప్పిట్లో పట్టుకుని, నాన్న చూడకుండా ఎలా ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాను. అతను వచ్చి క్యాసెట్ కౌంటర్ మీద పెట్టి నా చెయ్యి రెండు చేతులతో ఊపేస్తూ ఫిజీ మాటల్లో థాంక్స్ చెప్పాడు.

"వినాకా, వినాకా! ఇసా, ఏం ముసలమ్మ అయ్యా అది!"

"ఏ ముసలమ్మ?"

"నీ క్యాసెట్టే కదా, నన్నడుగుతావేం? కొట్టులోంచి బయటికొస్తుందే, ఆవిడ! మా ఊరి ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు."

ఏదో పరాచికం అనుకున్నాను. గ్రోగ్ అనే మత్తు వేరు నీళ్ల గిన్నె చుట్టూ కూర్చుని చూశారు కదా, మత్తులో ఎవరో కథ పూర్తిచేసి ఉంటారు. శాంతికి ఒక్కమాటా చెప్పకుండా క్యాసెట్ ఇచ్చాను. ఆమె గ్రోగ్ తాగదు. తాగేవాళ్లను గడప ఎక్కనివ్వదు.

తిరిగి ఇస్తూ ఆ ముసలమ్మ గురించే అంది: "భైయా, ఆ ఆజీ కట్టుబొట్టు చూస్తే అచ్చం మనవాళ్లలాగే ఉంది. గోరాలు ఆమెను ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారో! ఎడమ చెవి తమ్మె పాపం రెండుగా చీలిపోయి ఉంది."

చక్కెర పొట్లం కడుతున్నాను. దారం ముడి పడలేదు.

తరువాత మాస్టారు చూశారు. వారాంతంలో ముగ్గురూ ఒకేసారి కొట్టు ముందు కలిశారు. ఇంక చూడాలి.

"ఆమె పెట్టె బోర్లించి కూర్చోమంటే బూడిదవాళ్ల నాయకుడు కూర్చున్నాడు. చెంబు ఇచ్చింది. చెంబు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని ఆయుధం కింద పెట్టాడు," అన్నారు మాస్టారు. "ఎంత తెలివిగా రాశాడయ్యా రాసినవాడు!"

"తాగాడు కూడా. గొంతు కదలడం చూశాను," అన్నాడు జోసెఫా.

"వాడికి గొంతెక్కడుంది? పెదాలకు ఆనించి దించేశాడు, మర్యాదకి," అంది శాంతి.

"మర్యాద తెలిసినవాడు ఊరి మీద ఓడలేసుకొస్తాడా అమ్మా?"

"ఆజీ ఎదురుగా కూర్చుంటే ఎవడికైనా మర్యాద వస్తుంది మాస్టార్‌జీ. మీరూ వాడిలాగే చూశారట, నోరు తెరిచి. మీ ఆవిడే చెప్పింది."

ఆ తరువాత ఊరి కోసం జరిగిన బేరంలో ఆమె వేళ్లు చూపించి ధర చెప్పిందట. వాడు తల అడ్డంగా ఊపాడట. ఆమె కూడా ఊపిందట. చివరికి ఇవ్వడానికి వాడి దగ్గర ఏమీ లేక లేచి ఓడెక్కి పోయాడట. ఆయుధం మాత్రం అక్కడే మిగిలిందట.

"ఆమె నోటితో ఏమంది?" అని అడిగాను.

"వాళ్ల భాషే. ఆ బూడిదవాళ్ల భాష వచ్చు ఆమెకి," అన్నాడు జోసెఫా. గొంతు సవరించుకుని, "కుకో. నీలూ తాంగు. ఆనాకా బేరా" అన్నాడు.

"ఆనాకా కాదు. ఆనక," అని దిద్దింది శాంతి.

కౌంటర్ అవతల బియ్యం తూస్తున్న నాన్న చెయ్యి ఆగిపోయింది.

అది ఏ లోకం భాషో నాకు తెలుసు. మా అవ్వ పసిబిడ్డగా తల్లి ఒళ్లో, చెరకుతోటలకు ఒప్పంద కూలీలను తెచ్చిన గిర్మిట్ ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె కొట్టులో ఒకే పద్ధతి. బేరానికి ఎవరొచ్చినా ముందు సబ్బుల పెట్టె బోర్లించి, దానిమీద అరచేత్తో తట్టి, "కూకో. నీళ్లు తాగు. ఆనక బేరం" అనేది. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జెండా కట్టే తాడు కోసం వచ్చిన సర్కారు అధికారిని కూడా ఆ పెట్టె మీదే కూర్చోబెట్టింది. ఆయన నీళ్లు తాగి, అడిగిన ధర ఇచ్చి వెళ్లాడు. కూర్చున్న మనిషి కోపంగా బేరమాడలేడు, అదీ ఆమె రహస్యం. ఆమెతో బేరంలో గెలిచినవాణ్ణి నేను చూడలేదు. బూడిదవాడెంత!

అవ్వ ఎడమ చెవి తమ్మె కూడా బరువు కమ్మలు లాగి చీలింది.

ఈ ముగ్గురిలో ఎవరూ ఆమెను ఎరగరు. జోసెఫా తవేవునీ దీవి నుంచి లారీ పనికి వచ్చేనాటికి ఆమె పోయింది. శాంతి తరువాతెప్పుడో నాడీ నుంచి కోడలుగా వచ్చింది. మాస్టారు సువా నుంచి బదిలీ మీద వచ్చారు. చూసి పోల్చుకోవడానికి ఫొటో కూడా లేదు. ఫొటోవాడు ధర దించలేదని అవ్వ ఎప్పుడూ తీయించుకోలేదు. ఆ సబ్బుల పెట్టె మటుకు కొట్టు వెనక గదిలో ఉల్లిపాయల బుట్ట కింద ఉండేది.

ఆ ఆదివారం అన్నం తిన్నాక నాన్న, "ఊ క్యాసెట్ లగావ్" అన్నాడు, అది పెట్టమని.

నా పని అయిపోయిందనుకున్నాను. తెగిన టేపు అద్దెకిచ్చానని ఇప్పుడు కళ్లారా చూస్తాడు. వాయిలేవు బస్సు ఎన్నింటికో గుర్తు తెచ్చుకుంటూ క్యాసెట్ పెట్టాను. వెనక గదిలో మేమిద్దరమే. కిటికీలోంచి ఎండ పడుతోంది. బూడిదవాడు ఆయుధం ఎత్తాడు. బొమ్మ వణికింది. చుక్కల వాన మొదలైంది.

నేను ఒప్పేసుకుందామని నాన్న వైపు తిరిగాను. ఆయన నన్ను చూడటం లేదు. తెర వైపు చూస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహాన్ని చూసేటట్టు, కొంచెం కిందికి. అవ్వ పొట్టిది.

ఆయన లేచాడు. ఉల్లిపాయల బుట్ట ఎత్తి పక్కన పెట్టాడు. సబ్బుల పెట్టె లాక్కుని, బోర్లించి, దానిమీద కూర్చున్నాడు. రెండు చేతులూ దోసిలిగా ముందుకు చాపాడు.

"సరేనమ్మా," అన్నాడు.

నాన్న నోట తెలుగు వినడం నా జన్మలో అదే మొదలు.

టేపు అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. చుక్కల వెలుగు తప్ప నాకేమీ కనిపించలేదు. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన లేచి, మొహం తుడుచుకుని, హిందీలో ఒక్కమాట అన్నాడు. షెల్ఫ్ చిన్నదిగా ఉంది, పొడుగు పెంచమని.

బుట్ట మళ్లీ ఆ పెట్టె మీదికి ఎక్కలేదు. మర్నాటినుంచి అది కౌంటర్ ముందుకొచ్చింది. ఏం చూశావని నేను చాలాసార్లు అడిగాను. ఆయన పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోయేవాడు. చనిపోయేదాకా చెప్పలేదు.

ఆ క్యాసెట్ ఊరంతా తిరిగింది. 'ఆనక' అన్నమాట కూడా. పిల్లలు బూడిదవాళ్ల ఆట ఆడుకుంటూ పెట్టె బోర్లించేవారు. టికెట్ అడిగితే బస్సులో కుర్రాళ్లు "ఆనక" అనేవారు. రేవులో కూలీలు, వాళ్లకు ఇండియా ఎటుందో కూడా తెలియదు, పని చెబితే "ఆనక" అనేవారు. మా ఇంట్లోనే గడప దాటని భాష సావుసావు వీధుల్లో చొక్కా గుండీలు విప్పుకుని తిరిగింది. నేను గొప్పలకు పోయే మనిషినే అయినా, ఇంత గొప్ప నేనెప్పుడూ సంపాదించలేదు. తరువాత లౌటోకాలో తెలుగు సంఘం పెద్దాయన ఒకరిని అడిగాను. నా తెలుగు కాస్త సాపయింది ఆయన దగ్గరే. "మా ఇంట్లో తర్వాత అనేవాళ్లం నాయనా. ఆనక అనేది ఉత్తరాన విశాఖ వైపు వాళ్ల మాట. ఇక్కడ ఎవరి నోటా వినలేదు," అన్నారు.

టేపును సువాలో రిపేరు చేసేవాడికి పంపాను. ఆ చోటు తరువాత అందులో ఏమీ రికార్డు కాలేదని తేల్చి చెప్పాడు.

కొన్నేళ్లకు అదే సీరియల్ చివరిభాగం పూర్తిగా ఉన్న క్యాసెట్ ఒకటి దొరికింది. అందులో ముసలమ్మ లేదు. విమానాలొచ్చి బాంబులేస్తాయి, ఊరు మండుతుంది, బూడిదవాళ్లు చస్తారు, జెండా ఎగురుతుంది. నిజాయితీగా అదే అద్దెకిచ్చాను.

జోసెఫా క్యాసెట్ విసిరినంత పని చేశాడు. "ముసలమ్మను కోసేశారు! ఇది దొంగ టేపు. నా డబ్బులు నాకిచ్చెయ్." శాంతి కూడా అడిగింది. మాస్టారు ఇంగ్లీషులో అడిగారు. మా షెల్ఫ్ చరిత్రలో నేనిచ్చిన వాపసులు అవే. నాన్న ఆ పెట్టె మీద కూర్చుని నవ్వాడు. వాయిలేవు ఊసు ఎత్తలేదు.

ఇక లెక్క. యాట్ ఆయనకిచ్చిన బియ్యం, టిన్నులు, డీజిలు ఆ తెగిన టేపు మీదే తిరిగొచ్చాయి. కాబట్టి చెడ్డబేరం చేశానని మొదట్లో కొట్టిన గొప్ప వెనక్కి తీసుకోవాలి, ఒప్పుకుంటున్నాను. సగం సరుకు అద్దెకిస్తే జనం మెచ్చారు, నిండు సరుకు అద్దెకిస్తే డబ్బు తిరిగి ఇచ్చాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. నాన్న నోట ఒక్క తెలుగు మాట వచ్చింది. దాన్ని ఏ పద్దులో వెయ్యాలో తెలియక విడిగా ఉంచాను.

నష్టం ఒక్కటే. ఆ టేపు బూజుపట్టి పాడయ్యేలోగా నేను ఎన్నిసార్లు వేశానో చెబితే నవ్వుతారు. పెట్టె మీద కూర్చుని వేశాను, చెంబుతో నీళ్లు పక్కన పెట్టుకుని వేశాను. ఊరందరినీ కూకోమన్న మనిషి, తను ఎత్తుకుని పెంచిన నాకు కనిపించలేదు. బేరాలాడేవాణ్ణి గనక ఆ చుక్కల వానకు ఒకటే అర్థం చెప్పుకున్నాను. కాదనలేదు ఆమె. ఆనక అంది.