జట్కా గుర్రానికిచ్చిన బజానా

1984 జులైలో నన్ను చీరాలలోని మా బ్యాంకు శాఖకు ఫీల్డ్ ఆఫీసరుగా వేశారు. అంతకుముందు ఒంగోలులో ఏడాది శిక్షణ అయింది. ప్రొబేషన్ ఇంకా ఆరు నెలలుంది. ఆ ఆరు నెలల్లో మేము సిఫారసు చేసిన అప్పు ఏదైనా మొండికేస్తే ఉద్యోగం ఖాయం కావడం వెనక్కి పోతుందని శిక్షణలోనే చెప్పి పంపారు. మా బాబుకు అప్పుడు తొమ్మిదో నెల. పక్కింటి పిన్నిగారి దగ్గర వాణ్ణి వదిలి వెళ్ళేదాన్ని. ఏ ఊళ్ళో ఏ రైతు గట్టు మీద నిలబడినా, వాడికి పాలు పట్టారో లేదో అన్న ఆలోచన ఒకటి వెనకాల నడుస్తూనే ఉండేది.

ఆ ఉద్యోగం మానేసి ఇప్పటికి ఏడాదిన్నర. రెండో కాన్పు తర్వాత ఊళ్ళు తిరగడం నావల్ల కాలేదు. పిల్లలు పడుకున్నాక దొరికే గంటలో ఇది రాస్తున్నాను.

ఫీల్డ్ ఆఫీసరు అంటే కౌంటరు వెనక కాక బ్యాంకు బయట పనిచేసే అధికారి. పత్తికీ మిరపకూ పంట రుణాలు, గేదెలకు, కుట్టుమిషన్లకు చిన్న అప్పులు నా చేతి మీదుగా వెళ్ళేవి. అడిగినవాడి ఇల్లు చూడాలి, పని చూడాలి, తీర్చగలడో లేదో రిపోర్టు రాయాలి. మంజూరు చేసేది మేనేజరుగారే. కానీ ఆయన చూసేది రిపోర్టులో చివరి వాక్యం ఒక్కటే.

చేరిన రెండో వారంలో యేసోబు వచ్చాడు. స్టేషను దగ్గర జట్కా స్టాండులో పదిహేనేళ్ళుగా బండి తోలుతున్నాడు. ఆదివారాలు వాడరేవు బీచికి వెళ్ళేవాళ్ళతో మంచి బేరాలుండేవి. జూన్ చివర్లో అతని గుర్రం కడుపునొప్పితో చనిపోయింది. బండి ఉంది, కట్టడానికి గుర్రం లేదు. చిన్న వృత్తులవాళ్ళ పథకం కింద జట్కా గుర్రానికి అప్పివ్వవచ్చు. ధరలో ఐదో వంతు అతను పెట్టుకోవాలి. దాన్ని మార్జిన్ అంటారు. మిగతాది బ్యాంకు నేరుగా అమ్మినవాడికే ఇస్తుంది. ముప్పై నెలసరి వాయిదాల్లో అతను తీర్చాలి.

కాగితాలన్నీ చూసి, "ఇబ్బందేమీ ఉండదులే, అయిపోతుంది" అన్నాను. కొత్తగా చేరినవాళ్ళు అలవోకగా అనే మాట అది. బ్యాంకులో ఆ మాటకు విలువ లేదు. బయట ఉంది. ఆ వారమే యేసోబు ఒంగోలు వెళ్ళి ఒక గుర్రాన్ని చూసి, మూడువందల యాభై రూపాయలు బజానా ఇచ్చి వచ్చాడు. బజానా అంటే బేరం కుదిరిందనడానికి ముందుగా ఇచ్చే సొమ్ము. కొనేవాడు వెనక్కి తగ్గితే అది తిరిగి రాదు. అమ్మేవాడు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. కాగితం ఉండదు. ఇద్దరు మనుషుల ఎదుట చెయ్యి కలిపితే చాలు.

మంజూరుకు ముందే బజానా ఎందుకిచ్చావని గట్టిగా అడిగాను.

"మీరు అయిపోద్దన్నారుగా మేడంగారూ. మంచి గుర్రవండీ. రేపొకడొచ్చి పట్టుకుపోతే మళ్ళీ దొరకదు" అన్నాడు.

ఆ గుర్రాన్ని నేనూ చూశాను. పశువైద్యుడితో కలిసి ఒంగోలు వెళ్ళాను. నిబంధన ప్రకారం ఆయన పళ్ళు చూసి వయసు కట్టాలి, పరిగెత్తించి ఊపిరి వినాలి, గిట్టలు ఎత్తి చూడాలి. ఎర్రటి గుర్రం, ఆరేళ్ళది, నలుగురెక్కిన బండిని అవలీలగా లాగేది. ధర నాలుగు వేలు. అమ్మేవాడు కోటయ్య. అతనూ జట్కావాడే, ఆటో కొనుక్కోవాలని గుర్రాన్ని తీసేస్తున్నాడు. ఆటో కంపెనీకి తాను కట్టాల్సిన అడ్వాన్సుకు గడువుందనీ, దసరా దాటితే ఆగననీ ముందే చెప్పాడు. డాక్టరుగారు లోటు లేదని రాసిచ్చారు.

తర్వాత ఆదాయం విచారణ. జట్కావాడికి జీతం చీటీ ఉండదు కాబట్టి స్టాండు దగ్గర కూర్చుని చూడటమే దారి. మూడు రోజులు పొద్దున్నే వెళ్ళాను. అక్కడ నాకు అర్థంకానిది ఒకటి కనిపించింది. గుర్రం లేని యేసోబు రోజూ స్టాండుకొస్తున్నాడు. పొద్దుటి పాసింజరు రైలు బేరం అయ్యాక ఎవరో ఒక జట్కావాడు తిరిగొచ్చి, దానిలో వచ్చిన ఐదు రూపాయలూ అతని చేతిలో పెడుతున్నాడు. ఒకరోజు ఒకడు, ఇంకో రోజు ఇంకొకడు. ఇతను వీళ్ళకు వడ్డీకి తిప్పుతున్నాడేమో అని అనుమానం వచ్చింది.

స్టాండుకు పెద్ద మస్తాన్‌గారు. అడిగితే ఆయన నవ్వాడు.

"వీడా, వడ్డీకా? ఒరేయ్ యేసోబూ, నువ్వు షావుకారువంటరా! ఇన్నావా?" అని కేకేసి, నా వైపు తిరిగి, "గుర్రం చచ్చినోడికి కొత్త గుర్రం వచ్చేదాకా పొద్దుటి బండి బేరం మేం వంతులేసుకుని ఇస్తావండీ. ఇది మా స్టాండు కట్టుబాటు. రేపు నాది చస్తే నాకూ ఇస్తారు" అన్నాడు.

నాకు ముచ్చటేసింది. "తోటివారి సహకారం బాగా ఉంది" అని రిపోర్టులో రాసుకున్నాను. ఇంకొక ప్రశ్న అడగాలని తోచలేదు.

జట్కావాడి ఇంటిలెక్క ఇలా వేశాను. ఆ గుర్రంతో రోజుకు ముప్పై రెండు రూపాయలు వస్తుంది. ఉలవలు, తవుడు, గడ్డి పన్నెండు. నాడాలు, బండి మరమ్మతు రెండు. ఐదుగురున్న ఇంటికి పదకొండు. ఏడు మిగులుతుంది. బ్యాంకు వాయిదా రోజుకు నాలుగు పడుతుంది. తీర్చగలడు.

అయినా నేను వెంటనే సిఫారసు చేయలేదు. వానల్లో బేరాలు తగ్గితే? గుర్రానికి జబ్బు చేస్తే? ఇంకోసారి ఇల్లు చూశాను, హామీదారుణ్ణి మార్చమన్నాను, బీమా కాగితం రెండుసార్లు తిప్పి పంపాను. ఈలోగా మిరప నారు వేసే రోజులొచ్చి పంట రుణాల రద్దీ పడింది. జులై పోయింది, ఆగస్టు పోయింది, సెప్టెంబరు చివరికొచ్చింది. యేసోబు వారానికోసారి వచ్చి బల్ల ముందు నిలబడేవాడు. నేను "ఇంకొక్క కాగితం" అనేదాన్ని.

మంజూరుకు కాగితాలు పంపాల్సిన రోజుకు రెండు రోజుల ముందు అతని భార్య దీనమ్మ ఒక్కతే బ్యాంకుకు వచ్చింది. మిరప కోతలకు కూలికి వెళ్ళే మనిషి. బజానాకు ఇచ్చిన సొమ్ము రెండు సీజన్ల ఆమె కోత కూలి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, గుర్రం ఇచ్చాక నెల నెలా కట్టాలంటగా. ఎప్పటి నించి?" అంది.

వచ్చే నెల నుంచే అన్నాను.

"మరి స్టాండోళ్ళకి తిరిగియ్యాలిగా? గుర్రం వచ్చిన కాణ్ణించి, ఎన్ని రోజులు తింటే అన్ని రోజులు పొద్దుటి బేరం ఆళ్ళకి పోద్ది. మొన్నటికి తొంభై రోజులైంది. ఈయన మీకు చెప్పలా? చెప్పడు. గుర్రం అనేతలికి ఈయనకి కళ్ళు కనపడవు."

ఆ ఐదు రూపాయలు దానం కాదు, చేబదులు. ఏడులో ఐదు పోతే రెండు మిగులుతుంది. కట్టాల్సింది నాలుగు. ఇంకొకటీ అప్పుడే తట్టింది. జాగ్రత్త అనుకుంటూ నేను ఆపిన ప్రతి రోజుకూ అతని మీద ఒక ఐదు రూపాయలు పడుతూ వచ్చింది. ఆ తొంభై రోజుల్లో సగం పైగా నావే.

మేనేజరుగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఏమ్మా, మొదటి మూడు నెలలే వాయిదాలు తప్పితే నీ ప్రొబేషన్‌కీ మంచిది కాదు, నా శాఖకీ మంచిది కాదు. తక్కువలో గుర్రం చూసుకోమను" అన్నారు. ఆయన అనకపోయినా నేను అదే రాసేదాన్నేమో. ఆ రోజు నా రిపోర్టులో లెక్క ఎంత, భయం ఎంత అని తర్వాత చాలాసార్లు తూచి చూసుకున్నాను. విడదీయడం నాకు చేతకాలేదు.

యేసోబును పిలిపించి, నాలుగు వేల గుర్రానికి అప్పు ఇవ్వలేమనీ, రెండు వేల లోపు చూసుకోమనీ చెప్పాను.

"బజానా ఇచ్చానండీ" అన్నాడు అతను.

పోయేది మూడువందల యాభయ్యే, అప్పు తీర్చలేకపోతే బండి కూడా పోతుందని నచ్చజెప్పాను. చదువుకున్నవాళ్ళు చెప్పే మాటే, తప్పు కాదు.

"డబ్బు సంగతి కాదండీ. కోటయ్య చేతిలో చెయ్యేశాను. నా వల్ల ఆయన వేరే బేరాలు రెండు పోగొట్టుకున్నాడు. రేపు ఒంగోలు సంతలో ఎవడికి చెయ్యియ్యను?"

దీనమ్మ పక్కనే ఉంది. "చెయ్యి పోతే పోయింది. బండి తోల్డానికి ఇంకో చెయ్యుందిగా" అంది. అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అనలేదు. పోయింది తన రెండు సీజన్ల కూలి. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

కోటయ్య బజానా తిరిగివ్వలేదు. ఆటో అడ్వాన్సుకు గడువు దాటిపోతుందని అతని కంగారు అతనిది. ఎర్ర గుర్రాన్ని అతను అదే వారంలో తక్కువ ధరకు అమ్మేశాడని విన్నాను. యేసోబు పద్దెనిమిది వందలకు ఒక పొట్టి గుర్రాన్ని కొన్నాడు. తిండి తక్కువ, లాగేదీ తక్కువ. నలుగురెక్కితే వాడరేవు దారిలో ఇసుక మేట దగ్గర ఒకరు దిగి నడవాల్సి వచ్చేది. స్టాండువాళ్ళు, "యేసోబూ, మేక కొన్నావేంట్రా? పాలిస్తదా?" అనేవాళ్ళట. పొద్దుటి బేరాలన్నీ జనవరి మధ్యకల్లా తిరిగిచ్చేశాడు. బ్యాంకు వాయిదా ఒక్కటీ తప్పలేదు. జనవరిలో ప్రొబేషన్ ముగిసింది, మార్చిలో నా ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వుకు జత చేసిన మంచి ఖాతాల జాబితాలో అతని పేరూ ఉంది.

మరుసటి ఆగస్టులో మస్తాన్‌గారు బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను పర్చూరు వైపు రెండెకరాల్లో మిరప వేసే రైతు. పంట రుణం కాగితాల మీద వేలిముద్రలు వేయించి, నేను అలవాటు ప్రకారం చెప్పాను: ఇప్పుడేమీ కట్టక్కర్లేదు, కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, గుంటూరులో అమ్ముకున్నాక ఏప్రిల్లో కట్టాలి.

మస్తాన్‌గారు తలపాగా సర్దుకుంటూ, "మిరక్కాయలు ఎండేదాకా ఆగుతారు కదండీ. యేసోబుగాడి గుర్రానికి మాత్రం మూడు నెల్లు ఆగకపోతిరి" అన్నాడు.

అతను దెప్పడానికి అన్నాడని అనుకోను. ఎద్దేవా చేసినా అంత నొప్పి ఉండేది కాదు. యేసోబుకు తక్కువైంది మొదటి మూడు నెలలే. స్టాండు బాకీ తీరగానే రోజుకు ఏడు రూపాయలు మిగిలేది. ఎర్ర గుర్రం వాయిదా అందులో హాయిగా సరిపోయేది. మొదటి వాయిదా తేదీని మూడు నెలలు వెనక్కి జరపమని ఒక్క వాక్యం రాస్తే చాలు. అలా రాసే అధికారం నాకుంది. పత్తికీ మిరపకూ రోజుకు పదిసార్లు రాస్తున్నాను. పొలంలో కాసేది ఏదైనా పండేదాకా ఆగాలని నాకు తెలుసు. బండికి కట్టేదానికీ పంటలాగే ఒక కారు, ఒక అదను, ఉంటుందని తోచలేదు. తేదీ జరపాల్సిన చోట మొత్తాన్ని కోశాను.

మేనేజరుగారికి చెబితే, "ఖాతా బాగుంది కదమ్మా, ఇంకేం?" అన్నారు. బ్యాంకు వైపు నుంచి అది నిజమే.

స్టేషనుకు వెళ్ళి యేసోబుకు నేనే చెప్పాను, నేను వేసింది తప్పు లెక్క అని. గుర్రానికి గడ్డి వేస్తూ విన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభవండీ" అన్నాడు. గడ్డి వేయడం అయ్యాక, ఇంకెవరికైనా అయితే ముందే చెప్పమన్నాడు.

అప్పటి నుంచి ఉద్యోగం మానేసేదాకా, చిన్న అప్పుకు వచ్చిన ప్రతివాణ్ణీ ఇంకో రెండు సంగతులు అడిగాను. ఇప్పటికే ఎవరికి ఏం తిరిగివ్వాలి, అది ఎన్నాళ్ళకు తీరుతుంది. మొదటి వాయిదా తేదీ ఆ జవాబును బట్టి వేశాను. అలా తేదీ జరిపిన అప్పుల్లో కొన్ని మొండికేశాయి, ఎక్కువ తీరాయి. మనిషి తీర్చగలడా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎప్పటి నుంచి తీర్చగలడన్నది అంతే ముఖ్యమని నేను నేర్చుకున్నది అక్కడే. దాని ఖరీదు మూడువందల యాభై రూపాయలు, ఒంగోలు సంతలో ఒక మనిషి మాట. రెండూ నేను పెట్టుకున్నవి కావు.