స్టూలక్క గుండె కొలత

మా అక్కను వీధిలో అందరూ స్టూలక్క అంటారు. బడిపిల్లల యూనిఫాంల దుకాణం ఆమెది. పైకప్పు దాకా అరలు, మనిషేమో నా భుజం దాకా కూడా రాదు. అందుకే ఎప్పుడూ ఒక చెక్క స్టూలు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. కొత్తవాళ్ళు నన్ను పెద్దదాన్ని అనుకొని ఆమెను పాపా అని పిలుస్తారు. అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాప వెనకాల నుంచుంది, మీకేం కావాలో నాకు చెప్పండి అంటుంది నన్ను చూపించి.

అక్క ఎదగకపోవడానికి కారణం టర్నర్ సిండ్రోమ్. ఆడవాళ్ళకు ఉండాల్సిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఆమెకు పుట్టుకతోనే ఒకటి లేదు. అండాలు తయారు కావని చిన్నప్పుడే చెప్పారు. పెళ్ళికి ముందు ఈ సంగతి బావకు తనే చెప్పింది. బావ బస్సు డ్రైవరు, నోట్లోంచి మాట రావడమే గగనం. సరే అన్నాడట, అంతే.

పోయినేడాది సంతాన వైద్యురాలు ఒక దారి చూపించింది. ఇంకొకరి అండం తీసుకుంటే బిడ్డ అక్క కడుపులోనే పెరగవచ్చట. ఇంకొకరెందుకు, నేను చచ్చానా? నాది ఇస్తానన్నాను. ఆ వారమంతా అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. స్టూలు మర్చిపోయి ఖాళీ చేతులతో అరల ముందు నిలబడేది.

ముందు గుండె పరీక్ష తప్పదన్నారు. వీధి చివరి ల్యాబులో స్కాన్ తీయిస్తే అంతా మామూలే అని రాసిచ్చారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం. వైద్యురాలు వింటేగా! టర్నర్ ఉన్నవాళ్ళను చూసే గుండె డాక్టరు దగ్గరికే వెళ్ళమంది. ఆయన ఇంకా పెద్ద స్కాన్ తీయించి, గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్ళే బృహద్ధమని వెడల్పయిందన్నాడు. గర్భం మోస్తే అది చీలిపోవచ్చు, ప్రాణానికే ముప్పు అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. రెండు స్కాన్ల కాగితాలూ ఆయన బల్ల మీద పరిచాను. వెడల్పు రెండింట్లోనూ ఒకటే.

"అక్కడ మామూలన్నారు, మీరేమో ముప్పంటున్నారు. ఏది నమ్మాలండీ మేము?"

"మీకైతే మామూలేనమ్మా. ఆవిడ చిన్న ఒంటికి అది ఎక్కువ."

బీపీ అదుపులో ఉంచుకోవాలనీ, నొప్పి లేకపోయినా క్రమం తప్పకుండా స్కాన్‌కు రావాలనీ చెప్పాడు. అక్క తలూపింది. ఆ మాటలు ఆమె చెవికెక్కాయో లేదో నాకు తెలియదు, నాకైతే బుర్ర తిరిగిపోయింది.

ఇంట్లో రోజూ అదే గోల. నొప్పి లేదు, ఆయాసం లేదు, రోజంతా స్టూలెక్కి దిగేదాని గుండెకేమొచ్చిందని అక్క నన్ను అడుగుతుంది. నేనెవరినడగాలి? ఒకపూట డాక్టరు చెప్పిందే నిజమనిపించేది, సాయంత్రానికి ల్యాబువాళ్ళే నయమనిపించేది. బావ మాత్రం అన్నం ముందు కూర్చొని, జన్మలో మొదటిసారి పొడుగ్గా మాట్లాడాడు.

"నాకు బిడ్డ లేకపోయినా ఫరవాలేదు. నువ్వు లేకపోతే నేను ఉండలేను."

నువ్వు బస్సు నడుపుకో, నా గుండె నేను చూసుకుంటానని అక్క కంచం దగ్గర్నుంచి లేచిపోయింది. అండాల కోసం నాకిచ్చే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలో వద్దో ఆసుపత్రికి చెప్పాల్సిన రోజు వచ్చింది. ఇంకో డాక్టరుకు చూపిద్దామని చెప్పడానికే దుకాణానికి వెళ్ళాను.

ఒకావిడ ఇద్దరు కూతుళ్ళతో వచ్చి ఉంది. కవలలు, అయినా ఒకతి పొడుగు, ఒకతి గుప్పెడంత. ఒకే క్లాసు కాబట్టి ఒకే సైజు ఇమ్మని తల్లి పట్టు. అక్క మామూలుగా అయితే దులిపేసేది. ఆ రోజు అడిగినట్టే ఒకే సైజు చొక్కాలు ఇద్దరికీ తొడిగింది. పొడుగుపిల్లకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. చిన్నదాని చేతులు చొక్కాలో మాయమైపోయాయి, భుజాలు మోచేతుల దాకా జారాయి. తల్లి నవ్వింది. చిన్నదీ నవ్వింది.

అక్క నవ్వలేదు. చిన్నపిల్ల జబ్బల మీద చేతులు పెట్టి అలాగే నిలబడిపోయింది. తర్వాత స్టూలెక్కి, పై అరలోంచి చిన్న సైజు తీసి, గుండీలు తనే పెట్టి పంపించింది.

వాళ్ళు వెళ్ళాక స్టూలు మీదే కూర్చుంది.

"ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దని చెప్పవే."

బావ మాట విన్నావన్నమాట, డాక్టరుగారు చెప్పింది ఒప్పుకున్నావన్నమాట అన్నాను. నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఏడుపూ వచ్చింది.

"ఒప్పుకోలేదు. అర్థమైంది, అంతే" అంది అక్క. పిల్ల విప్పేసిన పెద్ద చొక్కాను ఒళ్ళో వేసుకొని మడత పెట్టబోయింది. మడత కుదరలేదు. మళ్ళీ విప్పింది.