సగం గ్లాసు మనిషి

ఆయన నాకు బావ కావలసినవాడు. సగం గ్లాసు నీళ్ల వల్ల కాలేకపోయాడు.

మా అక్కకు సంబంధమని ఉరవకొండ దగ్గర పల్లెలో వాళ్ల ఇల్లు చూడ్డానికి వెళ్లాం. ఆయనే నీళ్లు తెచ్చాడు, అందరికీ సగం గ్లాసే. "అడిగితే మళ్లీ పోస్తా మామా," అన్నాడు. నాయన గ్లాసు ముట్టలేదు. బయటికొచ్చి, "నీళ్లు గూడా నిండుగా పోయనోళ్లకు పిల్లనిస్తామా?" అన్నాడు. అక్కను గ్లాసు పొర్లేలా పోసిన ఇంటికిచ్చాం. ఇప్పుడు అక్కడ ట్యాంకరు వస్తేనే నీళ్లు.

మొన్న ఆఫీసువాళ్లతో అండమాన్‌లో ఓ మారుమూల దీవికి వెళ్లాను. పర్యావరణహిత డైవింగ్ రిసార్టు. యజమాని ఆయనే. భార్య అతిథులను సముద్రంలోకి దింపుతుంది. ఈదడం రాని ఆయన ఒడ్డున కూర్చుని, వానకు పట్టిన మంచినీళ్లు పోస్తాడు, సగం గ్లాసు చొప్పున. మావాళ్లు "ఎంత పర్యావరణ స్పృహ!" అంటూ గ్లాసులకు ఫొటోలు తీశారు.

ఆయన నన్ను గుర్తుపట్టి నవ్వాడు. "నీళ్లు వృథా గాకుండా సగమే పోయమనేది మా యమ్మ. ఆమెకు ఈ 'పర్యావరణ స్పృహ' అనే మాట తెలీదప్పా. తెలిసుంటే ఆ పొద్దు మీ నాయనకు చెప్పుండేది."

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. నాయన నవ్వలేదు.

"నువ్వడిగితే మళ్లీ పోసినాడా?"

"అడిగినప్పుడల్లా పోసినాడు నాయనా."



"ఆ పొద్దు నేను అడగనే లేదు గదరా," అన్నాడు నాయన.