సెప్టెంబరులో పోయిన రోజులు

సమ్మె రోజుల్లో జమునతో నేను అన్న మాట తప్పు. నిన్న రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద ఉడుకుతున్న ఉప్మా వాసనకు అది గుర్తొచ్చింది.

అప్పుడు తెలంగాణ కోసం బడులు, బస్సులు బంద్ అయ్యాయి. నెల్లికుదురులో నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టేవారు. వండిన చోటే అందరం తినేవాళ్లం. ఒకరోజు పొయ్యి పక్కన కూర్చుని మా సాంఘికశాస్త్రం సారు 1752 సంగతులు చెప్పాడు. అమెరికాలో ఒకాయన ఉరుముల మబ్బులోకి గాలిపటం ఎగరేశాడట. ఇంగ్లండులో క్యాలెండర్ సరిచేయడానికి సెప్టెంబరులో పదకొండు రోజులు తీసేశారట. జనం రెండో తారీఖున పడుకుని పద్నాలుగున లేచారట.

సమ్మె రోజులను కూడా సర్కారు అట్లాగే తీసేస్తుందనుకున్నాను. పక్కన తింటున్న తండా పిల్ల జమునకు అదే చెప్పాను.

"దసరా గూడ పోతదా?" అంది.

"అన్నీ పోతయి. సారే చెప్పిండు గద."

కూలికి హైదరాబాదు పోయిన వాళ్లమ్మ దసరాకు వస్తానంది. అది నాకు తెలుసు. తెలిసినవాడిలా మాట్లాడే సంబరంలో జమున ముఖం చూడలేదు. ఆమె విస్తరి వదిలేసి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

సారుకు చెప్పాను. "నేను చెప్పిందేంది, నువ్వు పట్టుకున్నదేంది?" అన్నాడు.

ఆయనను బతిమాలి తండాకు తీసుకుపోయాను. జమున నాయనమ్మ దగ్గర వాళ్లమ్మ పనిచేసే చోటి మేస్త్రీ నంబరు ఉంటే, దానికి సారు సెల్‌తో ఫోన్ చేయించి, తల్లీబిడ్డలను మాట్లాడించాను. లంబాడీలో ఏమనుకున్నారో నాకు అర్థం కాలేదు. ఫోన్ తిరిగి ఇస్తూ, నా వైపు చూడకుండానే జమున అంది:

"దసరా ఉన్నదట. బస్సు లేకుంటె నడిచన్న వస్తదట."