వెనక సీటు మార్కులు

కొండదారి బండ్లకు ఏటా ర్యాంకులు ఇచ్చే పత్రికలో మా ఆయన పని చేస్తాడని తెలిసినప్పటి నుంచి, మా వీధిలో కొత్త బండి కొనాలనుకున్న ప్రతివాళ్ళూ నన్ను ఆపి అడుగుతున్నారు. "ఏమండీ, ఆ ర్యాంకుల్ని నమ్మొచ్చా?" అని. నమ్మొచ్చు. కాకపోతే మార్కులు వేసిన మనిషి ఆ రోజు ఎవరి మీద కడుపుమంటతో ఉన్నాడో కూడా కనుక్కోండి. ఆ సంగతి పత్రికలో అచ్చు వెయ్యరు.

మా ఆయనకు బండి నడపడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఆయన ఉద్యోగం వెనక సీట్లో కూర్చోవడం. మొదట్లో ఆ పత్రికలోనే అచ్చుతప్పులు దిద్దేవాడు. ఏళ్ళ తరబడి బల్ల మీద వంగి నడుము పాడు చేసుకున్నాడు. ఒకసారి బండి పరీక్షకు వెళ్ళాల్సిన మనిషి రాకపోతే ఈయన్ని ఎక్కించుకుపోయారు. దారి పొడుగునా మూలిగాడట. చిన్న గుంటకు చిన్న మూలుగు, పెద్ద గుంటకు పెద్ద మూలుగు. "ఇంత నిజాయితీగా మూలిగేవాడు మనకెక్కడ దొరుకుతాడు?" అని ఎడిటరుగారు వెనక సీటు మార్కులు ఆ రోజే ఈయనకు అప్పజెప్పారు.

ఆయన పద్ధతి ఆయనది. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని, మోకాళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. బండి కొండెక్కి దిగాక ప్యాంటు ఎంత తడిసిందో చూసుకుని, తన నడుమును ఒకసారి అడిగి, పదికి మార్కులు వేస్తాడు. అలా తడిసిన ప్యాంటుతో ఇంటికొచ్చే మగవాణ్ణి చూసి ఇరుగుపొరుగు ఏమనుకున్నారో నేను చెప్పను. పదికి పది మాత్రం పత్రికలో ఇంతవరకూ ఏ బండికీ వెయ్యలేదు. పెళ్ళయిన కొత్తలో నా వంటకు ఏడు వేశాడు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మా చెల్లెలికి పెళ్ళయింది. మరిదికి బండ్లంటే పిచ్చి. మా ఆయనే ఎడిటరుగారితో చెప్పి అతన్ని పత్రికలో పెట్టించాడు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఏడాది తిరక్కుండా మరిది బండ్లు నడిపేవాళ్ళలో మొదటివాడయ్యాడు. పత్రిక తెరిస్తే చాలు, బురదలో చక్రాలు, చక్రాల పక్కన మరిది. బానెట్‌కు ఆనుకుని నవ్వుతూ ఒకటి, చేతికి తొడుగులు వేసుకుంటూ ఒకటి. మా చెల్లెలు ఆ పేజీలు కత్తిరించి అందరికీ చూపించేది. నాకు చూపించినప్పుడు "బాగున్నాడే" అనేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఇద్దరం ఒక్క కడుపున పుట్టాం. మా ఆయన ఫొటో ఒక్కటైనా ఎందుకు వెయ్యరు?

మా ఆయన మంట ఇంకోరకం. "నడపడంలో ఏముంది? రోడ్డే లేని చోట ఎవడైనా నడుపుతాడు. గుద్దుకోవడానికి ఎదురొచ్చేవాడు కూడా ఉండడు," అనేవాడు. మరిది పేరెత్తితే అన్నం సయించేది కాదు. మరిదేమో "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ వెనకే తిరిగేవాడు. అది ఇంకా మంట.

ఒకరోజు అమ్మావాళ్ళింటికి అందరం భోజనానికి వెళ్ళాం. ముందు గదిలో గోడ గడియారం పక్కన కొత్త ఫ్రేము. అందులో మరిది, ఏటవాలు బండరాయి మీద బండిని నిలబెట్టి, కిటికీలోంచి తల బయటికి పెట్టి నవ్వుతున్నాడు. నాన్న ఆ రోజు వచ్చిన స్నేహితుడికి చూపిస్తున్నారు. "మా చిన్నల్లుడు. ఇదిగో, వెనక కిటికీలో కనిపిస్తోందే మోచెయ్యి, అది మా పెద్దల్లుడుగారిది."

నాన్న వేళాకోళానికి అనలేదు. నిజంగానే మోచెయ్యిని కూడా గర్వంగానే చూపించారు. కానీ మా ఆయన ముఖం చూశాను. ఆ పూట వడ్డించింది వడ్డించినట్టే వదిలేసి లేచాడు.

ఆ తర్వాతి వారమే ఆ ఏటి పరీక్షలు. మొదటి ర్యాంకుకు పోటీ రెండు బండ్ల మధ్య. ఎర్రబండి అంటే మరిదికి ప్రాణం. బూడిదరంగు బండి మరిదికి గిట్టలేదు. మిగతా నడిపేవాళ్ళకు రెండూ నచ్చాయి. ఇక తేల్చేది వెనక సీటే. ఎర్రబండి ఎక్కిన రోజు మా ఆయన ఇంటికొచ్చి విప్పిన ప్యాంటు శుభ్రంగా ఉంది. బూడిదబండి రోజున తొడల మీదంతా నీటి మరకలు, వాటికంటుకున్న దుమ్ము. నానబెట్టి రుద్దినదాన్ని నేను, నాకు తెలియదా?

పత్రిక వచ్చింది. బూడిదబండికి వెనక సీటు తొమ్మిది, మొత్తం మీద మొదటి ర్యాంకు. ఎర్రబండికి వెనక సీటు నాలుగు, అది నాలుగో ర్యాంకుకు జారింది.

"ఇదేంటండీ? ప్యాంటు ఒకటి చెప్పింది, మీరొకటి రాశారు?" అన్నాను.

"నువ్వు బట్టలుతుకు. మార్కులు నేను వేస్తాను," అన్నాడు.

నేనూ ఇంకేం అనలేదు. మరిది ఇష్టపడ్డ బండి కిందికి జారితే నాకేం నొప్పి? మరిది కూడా పల్లెత్తు మాట అనలేదు. "వెనక ఎలా ఉందో అన్నయ్యకే తెలియాలి," అని ఊరుకుని, నాలుగో ర్యాంకైనా ఎర్రబండినే కొనుక్కున్నాడు. మా చెల్లెలు మాత్రం "బావగారు నాలుగు వేశారుగా అక్కా, నేను చచ్చినా వెనక కూర్చోను," అని ముందు సీటు వదిలేది కాదు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. కొండ మీద అమ్మకు పూలమొక్కల నర్సరీ ఉంది. రాళ్ళేరి, మట్టి మోయించి, చేత్తో పెంచిన తోట. అంట్లు కట్టడంలో అమ్మ చెయ్యి పడితే ఎండుకొమ్మైనా చిగురిస్తుందంటారు. వారానికి రెండుసార్లు పైకి వెళ్ళకపోతే ఆవిడకు తోచదు. అయితే దారి అంతా గుంటలు, అమ్మ నడుమేమో మా ఆయన నడుముకు అక్కలాంటిది. ముందు సీటు ఎత్తు, ఆవిడ ఎక్కలేకపోతుంది కాబట్టి వెనకే కూర్చోవాలి. నాన్న పాత జీపు మూలపడ్డాక తోటకు వెళ్ళడం కష్టమైపోయింది.

పత్రిక వచ్చిన నెలలోనే నాన్న ఎవరికీ చెప్పకుండా బండి కొనుక్కొచ్చారు. బూడిదరంగుది. వాకిట్లో నిలబెట్టి మమ్మల్నందర్నీ పిలిచారు. మా ఆయన దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ర్యాంకు చూసి కొన్నారా నాన్నా?" అంది చెల్లెలు.

"ర్యాంకు ఎవడికి కావాలే? ఇంజను, చక్రాలు, ఎక్కడం, దిగడం, ఆ మార్కులన్నీ కుర్రాళ్ళకు. నేను చూసింది ఒక్కటే, వెనక సీటు. పెద్దల్లుడుగారి మార్కు. మీ అమ్మ నడుముకు ఆయన నడుమే పూచీ." నాన్న మా ఆయన భుజం తట్టారు. "ఆయన తొమ్మిది వేశారంటే మాటలా?"

మరిది పక్కనే ఉన్నాడు. మరిది మార్కులు కుర్రాళ్ళకట! మా ఆయన ఇన్నేళ్ళూ వినాలనుకున్న మాట అదే. విన్నాడు. ఆ ముఖంలో సంతోషం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాన్న తట్టిన భుజాన్ని తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యండి," అన్నాను ఇంటికొచ్చాక.

"వాడి ముందా?" అన్నాడు. అంతే, అటు తిరిగి పడుకున్నాడు.

రోజులు గడిచాయి. అమ్మ ఆ బండిలో కొండకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ మంచం పట్టేది. అడిగితే "ఏం లేదే" అనేది. తర్వాత మళ్ళీ అందరం భోజనానికి కూర్చున్న రోజున, అన్నం కలుపుతూ చెప్పింది.

"నర్సరీ ఇచ్చేద్దామనుకుంటున్నాను. పక్కతోట ఆయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు. రేపు వస్తాడు, మాట ఇచ్చేస్తాను."

"అదేంటమ్మా? కొత్త బండి వచ్చిందిగా?" అంది చెల్లెలు.

"బండిదేం తప్పు లేదే. తప్పు నాలోనే ఉంది. పాపం పెద్దల్లుడుగారు అంత నడుము నొప్పితో కూడా ఆ సీటుకు తొమ్మిది వేశారు. అలాంటి సీట్లోనే నేను కూర్చోలేకపోతున్నానంటే, ఇక నా నడుము పని అయిపోయినట్టే. ఎన్నాళ్ళని పట్టుకు వేళ్ళాడను?"

నేను మా ఆయన వైపు చూడదలుచుకోలేదు, అయినా చూశాను. కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఆ సీటు మంచిది కాదు అత్తయ్యగారూ," అన్నాడు.

"అదేంటి బాబూ? మీరేగా తొమ్మిది వేశారు?"

"వేశాను. రెండు వెయ్యాల్సింది. ఆ రోజు గ్లాసులో నీళ్ళు మిగల్లేదు." మరిది వైపు చూడకుండానే చేత్తో చూపించాడు. "ఆ బండి బాగాలేదని వీడన్నాడు. అందుకని తొమ్మిది వేశాను. ఎర్రబండి బాగుందన్నాడు. దానికి నాలుగు వేశాను. వీడి ఫొటో గోడ మీద పెట్టారు. నాది మోచెయ్యి."

నాన్న గోడ వైపు చూశారు. మా చెల్లెలి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

ముందుగా మాట్లాడింది అమ్మే. "అయితే నా నడుముకేం కాలేదా?"

"ఏం కాలేదు. ఆ సీట్లో ఎవరి నడుమైనా అంతే."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. కోపమేమో అనుకున్నాను. నవ్వుతోంది! "హమ్మయ్యా! నేనింక అయిపోయాననుకున్నానే," అంది నా చెయ్యి పట్టుకుని.

మరిది ఇంకా మా ఆయన్నే చూస్తున్నాడు. "నిజంగానా అన్నయ్యా? మీరు నాలుగు వేస్తే, నేనే ఆ రోజు సరిగ్గా నడపలేదనుకున్నాను. అప్పటినుంచీ మలుపు వస్తే చాలు, భయం భయంగా తిప్పుతున్నాను." జేబులోంచి తాళంచెవి తీసి అమ్మ కంచం పక్కన పెట్టాడు. "అత్తయ్యగారూ, ఎర్రబండి మీరు ఉంచుకోండి. ఆ బూడిదది మేం తీసుకుంటాం. ఎలాగూ మా ఇంట్లో వెనక ఎవరూ కూర్చోరు."

అందరూ మరిదిని మెచ్చుకున్నదే మెచ్చుకోవడం. ఎంత మంచి మనసు, ఎంత పెద్ద మనసు అని నాన్న ఒకటే పొగడ్తలు. ఇంటికొస్తూ దారిలో మా ఆయన అన్నాడు: "చూశావా? ఒప్పుకున్నది నేను. పేరు వాడికి!"

మర్నాడు ఎడిటరుగారి దగ్గరికి వెళ్ళి మార్కులు తప్పని చెప్పాడట. "అచ్చయిపోయింది కదయ్యా, వచ్చే ఏడు చూద్దాం," అన్నారాయన. నాలుగు రోడ్ల కూడలిలో ప్రకటన బోర్డు మీద బూడిదబండి బొమ్మ, దాని కింద 'మొదటి ర్యాంకు' అని పెద్దక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడికి రాగానే మా ఆయన చెప్పు సరిచేసుకునే నెపంతో తల వంచుకుంటాడు.

ఆ వారం అమ్మను ఎర్రబండిలో తోటకు తీసుకెళ్ళాం. మరిది నడిపాడు. మా చెల్లెలు ఎప్పటిలాగే ముందు. వెనక నేను, మధ్యలో అమ్మ, అటు పక్క మా ఆయన. గ్లాసు తీసుకురాలేదు. కొండ ఎక్కడం మొదలైంది. గుంటలు వస్తున్నాయి, పోతున్నాయి. అమ్మ కాసేపు మొక్కల గురించి చెప్పింది. తర్వాత మాట తగ్గింది. చూస్తే, మా ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. పాత జీపులో ఈ దారిన వెళ్ళినన్నాళ్ళూ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్న మనిషి.

మా ఆయన కదల్లేదు. అలా ఒకవైపు ఒరిగి కూర్చోవడం ఆయన నడుముకు నొప్పని నాకు తెలుసు.

మరిది అద్దంలోంచి చూశాడు. "అన్నయ్యా, ఇప్పుడెన్ని వేస్తారు?" అన్నాడు మెల్లగా. మా చెల్లెలు కూడా వెనక్కి తిరిగింది.

మా ఆయన మరిది మెడ వైపు చూశాడు. ఆ తర్వాత అమ్మ ముఖం చూశాడు.

"పది," అన్నాడు.

తర్వాత భుజం కదలకుండా, తల మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు.